విటమిన్ సి పొడితో మంట: నేను చేసిన మార్పు

అరచేతిలో చిటికెడు విటమిన్ సి పొడి, నాలుగు చుక్కల నీళ్లు. మొహానికి రాయగానే భగ్గుమంది. కరగని పలుకులు గరగరలాడాయి కూడా. వారానికి సరిపడా కలిపి బాత్‌రూమ్‌లో పెట్టిన సీసా అయితే నాలుగో రోజుకే టీ రంగుకు తిరిగింది. నీళ్లలో కలిశాక గాలి, వెలుతురు తగిలితే ఆస్కార్బిక్ ఆమ్లం (అంటే ఈ విటమిన్ సి) అలాగే పాడవుతుంది.

చెంచా లెక్క మానేసి చిన్న డిజిటల్ త్రాసు కొన్నాను. (బంగారం కొట్టు పెడతావా అని అమ్మ ఒకటే నవ్వు.) పావు గ్రాము పొడికి 5 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, అంటే సుమారు 5 శాతం. పూర్తిగా కరిగాకే రాస్తాను, అదీ రోజు విడిచి రోజు ఉదయం, పైన సన్‌స్క్రీన్. మిగిలింది ముదురు రంగు సీసాలో ఫ్రిజ్‌లోకి. మూడో రోజు పారబోయడమే. ఇప్పుడు కాస్త చురుక్కుమంటుంది, అంతే. మొటిమల మచ్చలు మాత్రం తీరిగ్గా తగ్గుతున్నాయి.