నీళ్ళ ప్లాంటు పని, 5వ పాఠం: బోర్డు మీది ఎమ్మెల్డీని నమ్మకండి

పోయినసారి జార్ టెస్ట్ (ఎంత పటిక వేస్తే బురద బాగా దిగుతుందో జార్‌లలో చూసే పరీక్ష) చెప్పి, ఈసారి ఫిల్టర్ బెడ్ కడగడం చెప్తానన్నాను. ఆ మాట తప్పుతున్నా. తప్పు మీది సగం, నాది సగం. జార్ టెస్ట్ చేసి చూసినవాళ్ళలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "అన్నా, జార్‌ల మంచిగనే వచ్చింది, ప్లాంటుల ఎందుకు రాలే?" ఇది తేలకుండా ఫిల్టర్ దగ్గరికి పోయి లాభం లేదు, ఎందుకంటే పటిక తప్పుగా పడితే ఆ పాపం మొత్తం మోసేది ఫిల్టరే.

ముందు చిన్నది తేల్చేద్దాం. వనపర్తి వైపు నుంచి ఒకాయన ప్లాంటుకి పటిక పోసే డోసింగ్ ట్యాంకులోంచే మగ్గుతో ద్రావణం తెచ్చి జార్‌లో 3 మిల్లీలీటర్లు పోశాడట. నేను చెప్పింది 1 శాతం ద్రావణం, అంటే 10 గ్రాముల పటిక లీటరు నీళ్ళలో. దాంట్లో ఒక మిల్లీలీటరు లీటరు జార్‌లో పడితే 10 మిల్లీగ్రాముల డోసు, మూడు పడితే 30. ఆయన ట్యాంకులో ఉన్నది 10 శాతం. అంటే ఆయన వేసింది 30 కాదు, 300. పైగా ట్యాంకు కలపకుండా పైనుంచి ముంచుకుంటే పల్చగా, అడుగునుంచి తీస్తే చిక్కగా వస్తుంది, అది 10 శాతమే అన్న గ్యారంటీ కూడా లేదు. జార్‌కి ద్రావణం ఎప్పుడూ విడిగా, తూకం వేసి, ఆ రోజుకి ఆ రోజే చేసుకోండి. నేనైతే నిన్నటిది పారబోస్తా. కొందరు వారం దాచుకుంటారు, వాళ్ళిష్టం.

ఇక అసలు గొడవ. దేవరకొండ వైపు ఒక తమ్ముడికి జార్‌లో 30 దగ్గర దూదిపింజల్లాంటి ఫ్లాక్ (పటికతో బురద కలిసి కట్టే ముద్దలు) వచ్చి చక్కగా అడుక్కి దిగింది. అతని ప్లాంటు గేటు పక్కన బోర్డు మీద 10 ఎమ్మెల్డీ అని ఉంది. ఎమ్మెల్డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు, పది అంటే కోటి లీటర్లు, 24 గంటలకి పంచితే గంటకి 417 క్యూబిక్ మీటర్లు, 30తో గుణిస్తే గంటకి పన్నెండున్నర కిలోల పటిక. లెక్క తప్పు లేదు. అలాగే వాల్వు తిప్పాడు. రెండు గంటలకల్లా క్లారిఫైర్‌లో, అంటే బురద దిగే తొట్టిలో, ఫ్లాక్ ఉబ్బి, తేలికై, దిగకుండా అంచు మీదుగా కాలువలోకి పొర్లిపోవడం మొదలైంది. పీహెచ్ 8.1 నుంచి 7.2కి పడింది. మామూలుగా రోజంతా నడిచే ఫిల్టర్ తొమ్మిది గంటలకే మూసుకుపోయింది. "మీ జార్ టెస్ట్ దండగ" అని రాశాడు.

జార్ టెస్ట్ దండగ కాదు తమ్ముడూ, ఆ రోజు మీ దగ్గర లో ఓల్టేజీ వల్ల రెండు రా వాటర్ (శుద్ధి కాని నీళ్ళు) పంపుల్లో ఒకటి బందైంది. ఆ సంగతి మీరే నాలుగో లైన్లో, అదేదో వాతావరణ విశేషం అన్నట్టు రాశారు. ఒక్క పంపు మీద వచ్చే నీళ్ళు గంటకి 210 క్యూబిక్ మీటర్లు. పన్నెండున్నర కిలోలు వాటిలో పడితే లీటరుకి దాదాపు 60 మిల్లీగ్రాములు. జార్ 30 అడిగింది, మీరు 60 పోశారు.

బోర్డు మీద రాసింది ప్లాంటు ఎంత శుద్ధి చేయగలదు అన్న సంగతి మాత్రమే. ఈ గంటలో ఎంత నీళ్ళు లోపలికి వస్తున్నాయో దానికి తెలియదు. రాత్రి కరెంటు కోత, పంపు ట్రిప్పు, రిజర్వాయర్‌లో మట్టం పడిపోవడం, పైన ఇంకో ప్లాంటుకి లైను తిప్పడం, ఇవేవీ బోర్డుకి ఎక్కవు. ఎండాకాలం మట్టం దిగితే అదే పంపు అదే మోతతో తక్కువ నీళ్ళు తోడుతుంది, మోత విని అంతా బాగుంది అనుకుంటారు. ఫ్లో మీటర్ ఉందిగా అంటారా, మంచిదే, పనిచేస్తే. ముల్లు రెండేళ్ళుగా ఒకే చోట నిలబడ్డ మీటర్లు నేను చూశాను, వాటి రీడింగు గంట గంటకీ బుద్ధిగా లాగ్ బుక్‌లోకి ఎక్కుతూనే ఉండేది.

మీటర్ లేకపోతే కొలిచే పద్ధతి ఇది. శుద్ధి అయిన నీళ్ళ సంపు కొలతలు డ్రాయింగులో ఉంటాయి, లేకపోతే టేపు పెట్టండి. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు అనుకుందాం, 300 చదరపు మీటర్లు (లోపల స్తంభాలుంటే వాటి జాగా తీసేయండి). ఊళ్ళకి పంపే మోటార్లు ఆగి ఉన్న టైము చూసుకుని, కర్రకి గుర్తు పెట్టి దించండి. ఆరు నిమిషాల్లో 7 సెంటీమీటర్లు పెరిగితే 21 క్యూబిక్ మీటర్లు వచ్చినట్టు, గంటకి 210. ఆ ఆరు నిమిషాల్లో ఎవరూ ఫిల్టర్ కడగకూడదు, ఫిల్టర్లలో నీటిమట్టం పెరగడమో తగ్గడమో ఉండకూడదు, అలా ఉంటే కొన్ని నీళ్ళు అక్కడే ఆగుతున్నట్టు, మీ లెక్క తప్పుతుంది. సంపు మూత తీసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఒంటరిగా లోపలికి వంగొద్దు.

ఇప్పుడు నా అడ్డదారి. పుస్తకాల్లో ఉండే పెద్ద ఫార్ములా నాకు రాత్రి షిఫ్టులో ఎప్పుడూ గుర్తుండదు. ట్యాంకులో 10 శాతం ద్రావణం ఉంటే, గంటకి వచ్చే క్యూబిక్ మీటర్లని డోసుతో గుణించి ఆరుతో భాగించండి. వచ్చేది నిమిషానికి పడాల్సిన మిల్లీలీటర్లు. 210 ఇంటూ 30 బై 6, అంటే 1050. రెండు పంపులూ నడుస్తుంటే 417తో చేయండి, 2085. 5 శాతం ద్రావణమైతే ఆరు బదులు మూడు. ఎందుకు ఆరు అనేది మీరే తేల్చుకోండి, లీటరుకి మిల్లీగ్రాము అన్నా క్యూబిక్ మీటరుకి గ్రాము అన్నా ఒకటే అని తెలిసినవాళ్ళకి రెండు నిమిషాల పని. 10 శాతం అంటే 5000 లీటర్ల ట్యాంకులో 50 కిలోల బస్తాలు పది. ఎనిమిది బస్తాలే వేసి పది అని రాసే చోట ఏ ఫార్ములా పనిచేయదు.

వాల్వు మీద గీతలు చూసి ఊరుకోవద్దు. పటిక పైపులో పేరుకుని గీత అక్కడే ఉండగా ధార సన్నబడుతుంది. డోసింగ్ పైపు కింద లీటరు సీసా పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. నిమిషానికి 1050 కావాలంటే సీసా 57 సెకన్లలో నిండాలి, 2085 కావాలంటే 29 సెకన్లలో. నా దగ్గర కొలజాడీ ఉన్నా సీసాయే వాడతాను, ఎందుకంటే చీకట్లో, తడి చేతులతో జాడీ మీద గీతలు కనబడవు, సీసా నిండి పొర్లడం మాత్రం కనబడుతుంది.

ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ కింద, మహబూబ్‌నగర్ వైపు ఒక ప్లాంటులో నాది రాత్రి షిఫ్టు. వానాకాలం, పైన వరద వచ్చి రా వాటర్ ఎర్రమట్టి కలిపిన చాయ్‌లా ఉంది. పదకొండింటికి ఒక పంపు ట్రిప్పయితే ఈ లెక్కే చేసి డోసు సగానికి తగ్గించాను. అంతవరకు శభాష్. రెండింటికి ఓల్టేజీ వచ్చింది, పంప్‌హౌస్ అతను రెండో మోటారు ఆన్ చేసి ఫోన్ చేయలేదు, నేనూ అడగలేదు, గంట గంటకీ లాగ్ బుక్‌లో కింద "డిట్టో" గీసుకుంటూ పోయాను. జార్ అడిగినదాంట్లో సగమే పడుతోంది. ఐదింటికి ఫిల్టర్ నీళ్ళు గాజు గ్లాసులో పట్టి లైటుకి అడ్డం పెడితే పల్చటి మబ్బు. టర్బిడిటీ (నీళ్ళ మసక) కొలిచే మీటర్‌లో 7 ఎన్టీయూ. ప్రమాణం ప్రకారం 1 ఉండాలి, వేరే దారి లేనప్పుడు 5 దాకా ఒప్పుకుంటారు. అవుట్‌లెట్ మూసేశాం. ఆ పొద్దు చాలా ఊళ్ళకి నల్లా రాలేదు. సర్పంచులు ఇంజనీరుకి ఫోన్ చేశారు, ఇంజనీరు నాకు చేశారు. లాగ్ బుక్ తెరిచి చూపిస్తే అందులో అన్నీ డిట్టోలే. మీ లాగ్ బుక్‌లో ఆ గీత కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అంకె మారకపోయినా మళ్ళీ రాయండి.

ఒకరిద్దరు మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి ఇంకోటి అడిగారు: మనం వేసే ఈ పటికతో ఫ్లోరైడ్ కూడా పోతుందా అని. ఇంత కొద్ది డోసుకి పోదు. మన జిల్లా పేరే పెట్టుకున్న నల్గొండ పద్ధతి ఉంది, నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు చేసింది, అందులో సున్నం, పటిక, బ్లీచింగ్ మూడూ పడతాయి, పటిక వందల మిల్లీగ్రాముల్లో పడుతుంది. అది బోరు నీళ్ళ కోసం. మన ప్లాంట్లకి వచ్చే కృష్ణా నీళ్ళలో ఫ్లోరైడ్ తక్కువ, అక్కడ పటిక పని బురద దించడమే. ఫ్లోరైడ్ పోతుందేమో అని డోసు పెంచితే పైన దేవరకొండ తమ్ముడికి అయిందే మీకూ అవుతుంది.

క్లోరిన్‌కీ లెక్క ఇదే, నీళ్ళెంతో తెలియకుండా డోసు లేదు. చివరి ఊరి చివరి నల్లాలో 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి, దాని పాఠం వేరే.

అభ్యాసం. ప్లాంటులో ఉన్నవాళ్ళు ఒక పూర్తి రోజు, రెండు గంటలకోసారి, అంటే పన్నెండుసార్లు, ఈ ఐదు రాయాలి: ఎన్ని పంపులు నడుస్తున్నాయి, ఫ్లో మీటర్ ఎంత చూపిస్తోంది, రా వాటర్ టర్బిడిటీ ఎంత, లెక్క ప్రకారం సీసా ఎన్ని సెకన్లలో నిండాలి, నిజంగా ఎన్ని సెకన్లలో నిండింది. సంపు కొలత రోజుకి ఒక్కసారి, మోటార్లు ఆగినప్పుడు చేసి మీటర్‌తో పోల్చండి. మీ షిఫ్టు ఎనిమిది గంటలే కాబట్టి మిగతా ఇద్దరినీ బతిమాలుకోండి. చాయ్ పోయించండి, మాట వింటారు. తేడా కనబడితే మీ అంతట మీరు వాల్వు తిప్పకండి, కెమిస్ట్‌కి చూపించి తిప్పండి.

ఉద్యోగం ఇంకా రానివాళ్ళు ఇంటి మీది ట్యాంకుకి వచ్చే పైపు కింద 20 లీటర్ల బకెట్టు పెట్టండి. 15 సెకన్లలో నిండితే గంటకి 4.8 క్యూబిక్ మీటర్లు, 30 డోసుకి నిమిషానికి 24 మిల్లీలీటర్లు. కాగితం మీదే చేయండి, ఇంటి ట్యాంకులో పటిక పోసి అమ్మతో తిట్లు తినకండి. ఓల్టేజీ తగ్గినప్పుడు ఒకసారి, బాగున్నప్పుడు ఒకసారి కొలవండి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోండి.

సెకన్లు రాయని జవాబులు నేను చూడను. ఫిల్టర్ పాఠానికి వచ్చేముందు ఇంకొక్క పని, మీ ప్లాంటు లాగ్ బుక్ తీసి, ఒక్కో ఫిల్టర్‌కి వాష్‌కీ వాష్‌కీ మధ్య ఎన్ని గంటలు నడిచిందో పోయిన నెలంతా ఒక కాగితం మీదికి ఎక్కించి పెట్టుకోండి.