కొండకు వెళ్లేముందు సామాను ఇంటి దగ్గరే పరీక్షించే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి 1501 మీటర్ల మహేంద్రగిరి ఎక్కడానికో, తాటిపూడి పరిసరాల్లో రాత్రి బస చేయడానికో సిద్ధమయ్యేవారు ముందుగా ఆన్‌లైన్‌లో సామాను కొంటారు. అందులో చాలా వస్తువులు పొడి గాలి, చలి ఉండే దేశాల అవసరాలకు తగినట్టు తయారైనవి కావడం వల్ల మన ఉక్కపోతకు, తుపాను వానకు నిలవవు. అందుచేత వాపసు గడువు ముగియకముందే వాటిని పరీక్షించి తీరాలి.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది టెంట్ మీద. పెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అని ఉంటే సరిపోదు. గుడ్డ ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి తట్టుకుంటుందో చూడాలి. పైకప్పుకు 2000, మన బరువు పడే అడుగు గుడ్డకు 3000, ఆపైన ఉంటే మంచిది. టెంట్‌ను డాబా మీద వేసి, ఒకరు పావుగంటసేపు గొట్టంతో నీళ్లు కొడుతుండగా మరొకరు లోపల కూర్చుని కుట్ల వెంట వేలు పోనిస్తూ రావాలి. నీరు ముందుగా దిగేది సూది రంధ్రాల్లోంచే కాబట్టి, కుట్లకు లోపలివైపు టేపు అతికించని టెంట్‌ను ఆ రోజే వాపసు పంపండి. ఒకే పొర ఉన్న టెంట్ ఎంత చవకైనా వద్దనే చెబుతాను. మన తీరప్రాంతపు తేమలో ఇద్దరు అందులో పడుకుంటే, ఊపిరిలోని ఆవిరి చల్లబడి తెల్లారేసరికి గోడల వెంట నీరై కారుతుంది. వాన చినుకు లేకపోయినా దుప్పటి తడుస్తుంది. లోపల దోమతెర, పైన విడిగా కప్పు ఉన్నదే తీసుకోవాలి. అంత పెట్టలేనివారికి కళ్లంలో ధాన్యపు రాశి మీద కప్పే టార్పాలిన్ బరకం, తాళ్లు, ఒక దోమతెర చాలు. నాసిరకం టెంట్ కన్నా వీటినే నేను నమ్ముతాను.

పిడిలో దిక్సూచి, గాలం దాచుకునే బోలు పిడి కత్తులు కొనకూడదు. వాటిలో అలుగు పిడి మొదట్లోనే ఆగిపోతుంది కాబట్టి, కట్టె చీల్చేటప్పుడు దెబ్బంతా ఆ అతుకు మీద పడి అలుగు ఊడి వస్తుంది. పక్కనున్నవారికి అది ప్రమాదం. అలుగు ఉక్కే పిడి చివరిదాకా సాగి, రివెట్లు పైకి కనిపించేదే ఎంచుకోండి. కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీతో కొట్టించిన కత్తికి వాడిన తరువాత తుడిచి నూనె రాయాలి, లేకుంటే తుప్పు పడుతుంది. పనిలో మాత్రం మోసం చేయదు.

స్లీపింగ్ బ్యాగు మీద పెద్ద అక్షరాల్లో వేసే ఉష్ణోగ్రత చాలాసార్లు ప్రాణం నిలిచే హద్దే గాని, హాయిగా నిద్రపట్టే హద్దు కాదు. మన కొండల చలికి మందపాటి దుప్పటి, కింద ఫోమ్ చాప చాలు. వెన్నుకు తగిలే చలి నేల నుంచి వస్తుంది గనుక చాప మరచిపోకూడదు.

పవర్ బ్యాంకు మీది 10000 ఎంఏహెచ్ అనే అంకె లోపలి బ్యాటరీకి ఉండే 3.7 వోల్టుల లెక్క. ఫోన్‌కు అందే 5 వోల్టులకు మారేసరికి అది 7400 అవుతుంది, మార్పిడిలో మరికొంత పోతుంది. వెనుక అతికించిన చిన్న సోలార్ పలకతో అది నిండాలంటే రోజులు పడుతుంది, దానికోసం అదనంగా చెల్లించవద్దు. గీస్తే నిప్పురవ్వలు రాలే కడ్డీ కూడా తడి ఆకుల మీద నిష్ప్రయోజనం. బిగుతు మూత డబ్బాలో రెండు లైటర్లు పెట్టుకోండి.

ఎంత మంచి టెంట్ అయినా తడిగా మడిచి అటక మీద పెడితే లోపలి పూత జిగురుగా మారి పొరలుపొరలుగా ఊడుతుంది. తిరిగి రాగానే నీడలో పూర్తిగా ఆరబెట్టి, వదులుగా చుట్టి, గాలి తగిలే చోట ఉంచండి.