మే ఎండలోనూ నడవగలిగే వీధి: ఎలా మొదలుపెట్టాలి

నేను హన్మకొండలో సైట్ సూపర్‌వైజర్‌ని. కాలనీ రోడ్లు, మోరీలు, ఫుట్‌పాత్‌ల పనులు చూస్తాను. ఒక మే నెలలో మా అమ్మ బస్టాప్ దాకా నడిచి, వడదెబ్బ తగిలి పడిపోయింది. ఆ దారిలో ఒక్క చెట్టు లేదు. అప్పటి నుంచి డ్రాయింగ్ కంటే ముందు నీడనే చూస్తున్నా.

మే నెలలో మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి మీ వీధి మొత్తం నడవండి. నీడ ఎక్కడెక్కడ తెగిపోతుందో సుద్దముక్కతో గీత పెట్టండి. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారానికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు పక్కన నాలుగంతస్తుల బిల్డింగ్ ఉన్నా నీడ గోడ దాటి రాదు. తల మీద కొమ్మే ఉండాలి, లేదా షాపు ముందు చజ్జా.

సాయంత్రం లెక్క వేరు. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో పడమటి ఎండ తూర్పు వైపు ఫుట్‌పాత్‌కు కొడుతుంది. డబ్బు ఒక్క వైపుకే సరిపోతే చెట్లు అటే పెట్టండి, రోడ్డుకూ నడిచేవాళ్లకూ మధ్యలో. తూర్పు పడమరల వీధిలో ఎండ వీధి పొడవునా దూసుకొస్తుంది. రెండు వైపులా నాటక తప్పదు.

వేప, కానుగ నాటండి. మేలో రెండూ నిండా ఆకుతో ఉంటాయి. తురాయి పూలు నాకూ ఇష్టమే, కానీ గాలివానకు దాని కొమ్మలు విరుగుతాయి. మొదలు చుట్టూ మట్టి వదలాలి. ఒక కాలనీలో నేనే దగ్గరుండి మొదలు దాకా సిమెంటు పోయించాను. రెండు ఎండాకాలాలకే ఆ వేప ఎండిపోయింది. ఇప్పటికీ బాధే.

కరెంటు స్తంభం, బండ్లు పోగా నడవడానికి కనీసం 1.8 మీటర్లు మిగలాలని, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ 2012 మార్గదర్శకాల్లో ఉంది. ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటనివ్వకండి; దాటితే పెద్దవాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. నున్నటి టైల్స్ వద్దు, వానకు జారతాయి.

మొక్కలు జూలైలో నాటి, ప్రతి మొక్కనూ ఎదురింటివాళ్లకు అప్పజెప్పండి. మొదటి మూడు ఎండాకాలాలు వాళ్లే నీళ్లు పోయాలి. నీడ వచ్చేదాకా దారి మధ్యలో ఒక పందిరి వేసి, రంజన్ (తాగే నీళ్ల కుండ), కూర్చోవడానికి ఒక బండ పెట్టండి.