సార్కినైటా కాదా? ఇంట్లోనే తూచి తేల్చుకోవడం ఎలా?

బెంగళూరులో రాళ్లు సేకరించే మనవాళ్లు మాంసం రంగు రాయి దొరికితే చాలు, సార్కినైట్ అనే అరుదైన ఖనిజం అనేస్తున్నారు. గ్రీకులో సార్కినోస్ అంటే మాంసంతో చేసినది, పేరు అలాగే వచ్చింది, నిజమే. కానీ మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ వైపు మాంగనీసు గనుల రోడోనైట్ కూడా గులాబీ రంగే కదా! రంగు కాదు, బరువు చూడండి. సార్కినైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.1 గ్రాముల దగ్గర ఉంటుంది, రోడోనైట్, అలాంటిదే మరో గులాబీ మాంగనీసు ఖనిజం రోడోక్రోసైట్ మామూలుగా 3.4 నుంచి 3.7 మధ్యలోనే ఆగిపోతాయి.

కావలసినవి: 0.01 గ్రాము చూపే నగల తూకం, గ్లాసు, సన్నటి నైలాన్ దారం, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు వద్దు, ఆరాక రాయి మీద తెల్లటి పొర మిగులుతుంది.

ఫ్యాన్ ఆపి రాయిని పొడిగా తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును తూకం మీద పెట్టి సున్నా చేయండి.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. రాయిని దారంతో కట్టి నీళ్లలో వేలాడదీయాలి, పూర్తిగా మునగాలి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. దారాన్ని చేత్తో పట్టుకోవద్దు, చెయ్యి వణుకుతుంది. రెండు వైపులా పుస్తకాలు పేర్చి మీద స్కేలు పెట్టి దానికి కట్టండి. సందుల్లో గాలి బుడగలు ఉంటే మెత్తటి బ్రష్‌తో తుడిచి మళ్లీ ముంచండి. ఇప్పుడు కనిపించే అంకెతో పొడి బరువును భాగించాలి. 6.20 గ్రాముల రాయికి 1.50 వస్తే 4.13. అదే రాయి కాస్త అడుగుకు ఆని 1.70 చూపించిందంటే 3.65 వస్తుంది, అసలైన సార్కినైట్‌ను రోడోనైట్ అని పక్కన పడేస్తారు! అందుకే తీసి, ఆరబెట్టి, మూడుసార్లు తూచాలి. కాల్సైట్ అంటుకుని ఉన్నా లెక్క తగ్గుతుంది.

గీసి చూడటం, యాసిడ్ చుక్క వేయడం నేను ఒప్పుకోను. సార్కినైట్ ఆర్సెనేట్, అంటే విషపు ఆర్సెనిక్ ఆక్సిజన్‌తో కలిసి ఉన్న ఖనిజం, పొడి పీల్చకూడదు, పైగా యాసిడ్‌లో కరిగిపోతుంది. కాల్చి వెల్లుల్లి వాసన చూడమని పాత పద్ధతి ఒకటుంది, అది మాత్రం చేయనే వద్దు, ఆ పొగ విషం. పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

4.1 వచ్చినా రాయి ఎక్కడిదో అడగండి. స్వీడన్‌లోని లాంగ్‌బాన్, పాయ్స్‌బెర్గ్, అమెరికాలో న్యూజెర్సీ స్టెర్లింగ్ హిల్, ఇలా కొద్ది చోట్లే ఇది దొరుకుతుంది. ఆర్సెనిక్ సాధారణంగా గంధకంతో కలిసిపోతుంది. లాంగ్‌బాన్‌లో గంధకం తక్కువ, మాంగనీసు ఎక్కువ కాబట్టి ఆర్సెనేట్‌గా నిలిచింది. ఊరు పేరు చెప్పలేని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.