బాణం గీశాక పక్కన "ఎందుకు" రాయండి: ఫ్లోరోసిస్‌తో పాథోఫిజియాలజీ చదివే పద్ధతి

పాథోఫిజియాలజీ, అంటే జబ్బు ఒంట్లో ఎలా నడుస్తుందో చెప్పే శాస్త్రం, చదివేటప్పుడు చాలామంది జబ్బు పేరు దగ్గర మొదలుపెట్టి లక్షణాల జాబితాతో ఆపేస్తారు. చదవాల్సింది ఆ రెంటి మధ్య ఉన్న గొలుసు. ఒక భాగం మామూలుగా ఎలా పనిచేస్తుంది, దాన్ని ఏది చెడగొట్టింది, సర్దుకోవడానికి ఒళ్లు ఏం చేసింది, ఆ సర్దుబాటు ఎక్కడ బెడిసికొట్టింది అన్నది తెలియాలి. నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో నర్సింగ్, ఎంబీబీఎస్, ఫిజియోథెరపీ చదివేవాళ్లకు ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఫ్లోరోసిస్‌ను (ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు) మించినది లేదు. మన దేశంలో దీన్ని వివరించిన తొలి నివేదిక 1937లో నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. దాన్ని రాసింది షార్ట్, పండిట్, రాఘవాచారి. 1970లో ప్రకాశం జిల్లాలో కలిసిన దర్శి, పొదిలి, కనిగిరి అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి.

ఒక ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. ఎడమవైపు మూడో వంతు మామూలు స్థితికి వదలండి. చెడుపును నీలం ఇంకుతో, శరీరం చేసుకునే సర్దుబాటును ఎరుపుతో, పరీక్షల ఫలితాలను పెన్సిల్‌తో రాయండి. ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు బాణం గీయండి. ప్రతి బాణం పక్కన రెండు మూడు మాటల్లో కారణం ఉండాలి. కారణం రాయలేకపోయిన బాణమే మీకు రాని చోటు, పుస్తకం తెరవాల్సింది అక్కడే.

మామూలు స్థితిని తొందరగా దాటేయకండి, సగం సమయం దానికే పెట్టండి. పంటి పైపొర ఎనామిల్‌ను అమెలోబ్లాస్టులనే కణాలు తయారుచేస్తాయి. ముందు ప్రొటీన్ పొర వేస్తాయి, తర్వాత ఆ ప్రొటీన్ తొలగిపోతూ దాని చోట ఖనిజం నిండుతుంది. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు. ఎముక అలా కాదు. ఆస్టియోక్లాస్టులనే కణాలు తింటుంటే ఆస్టియోబ్లాస్టులనే కణాలు కడుతూ, బతికినన్నాళ్లూ మారుతూనే ఉంటుంది. రెంటిలోనూ ఉండే ఖనిజం హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికం. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముక నుంచి తీసి సరిచేస్తుంది. ఈ నాలుగు సంగతులు కాగితం మీద లేకుండా ముందుకు వెళితే మిగతాదంతా బట్టీ పట్టడమే అవుతుంది.

తర్వాత కారణం రాయాలి, లెక్కతో సహా. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. లీటరుకు ఎంత అన్నది ఒక్కటే రాసి ఊరుకోకండి, రోజుకు ఎన్ని లీటర్లు తాగుతారన్నదీ రాయండి. బోరు నీటిలో 4 మి.గ్రా. ఉండి, ఎండలో పొలం పని చేసే మనిషి 4 లీటర్లు తాగితే నీటి నుంచే 16 మి.గ్రా. వెళ్తుంది. అదే నీటితో వండిన అన్నం, పప్పు లెక్క వేరే. ఒకే బోరు నీళ్లు తాగే ఇద్దరిలో ఒకరికి ముందుగా నడుం పట్టేయడానికి ఇదీ ఒక కారణం. నీటిలో ఫ్లోరైడ్ ఎందుకు పెరిగిందన్నది కూడా గొలుసులో భాగమే: ఫ్లోరైడ్ ఖనిజాలున్న గ్రానైట్ రాళ్ల మధ్య నీరు చాలాకాలం నిలవడం, ఆ నీటిలో బైకార్బనేట్ ఎక్కువై కాల్షియం తక్కువగా ఉండటం. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున పేరుకుంటుంది.

ఒంట్లోకి ఎలా చేరుతుంది? కడుపులోని ఆమ్లంలో ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి పొరలను తేలిగ్గా దాటుతుంది. గంటలోపే రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. పెద్దవాళ్లలో దాదాపు సగం మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకల్లో చేరుతుంది. ఎదిగే పిల్లల్లో నిలిచేది ఇంకా ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో బయటికి పోయేది తగ్గుతుంది, నిలిచేది పెరుగుతుంది. ఇక్కడ కిడ్నీ నుంచి రక్తం వైపు నీలం బాణం మళ్లీ వెనక్కి తిప్పి గీయండి.

ఇక్కడి నుంచి గొలుసు రెండు పాయలవుతుంది, ఎక్కువమంది తడబడేది కూడా ఇక్కడే. పంటి పాయలో కాలం ముఖ్యం. ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు ఫ్లోరైడ్ ఎక్కువైతే ప్రొటీన్ తొలగడం ఆలస్యమవుతుంది. లోపలి ఎనామిల్ గుల్లగా మిగులుతుంది, సున్నంలాంటి తెల్లమచ్చలు పడి తర్వాత గోధుమరంగుకు మారతాయి. ఇప్పుడు మీకో ప్రశ్న: ముప్పై ఏళ్ల వయసులో కనిగిరి ప్రాంతానికి కాపురం వచ్చి ఇరవై ఏళ్లు బోరు నీళ్లు తాగిన ఆమెకు పళ్లు తెల్లగా ఉన్నాయి. ఫ్లోరోసిస్ లేదని చెప్పవచ్చా? చెప్పకూడదు. ఆమె వచ్చేనాటికి అమెలోబ్లాస్టులు లేవు, ఆస్టియోబ్లాస్టులు ఉన్నాయి.

ఎముక పాయలో ఫ్లోరైడ్ హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానంలో కూర్చుంటుంది, ఆస్టియోబ్లాస్టులను రెచ్చగొడుతుంది. ఎముక మందమవుతుంది, గట్టిదనం మాత్రం రాదు. ఎముకలను కలిపే లిగమెంట్లు అతుక్కునే చోట్ల కాల్షియం పేరుకుంటుంది. వెన్ను బిగుసుకుపోతుంది, వెన్నుకాలువ ఇరుకై వెన్నుపాము నలుగుతుంది, కాళ్లు బిర్రబిగుసుకుంటాయి. ముంజేతి ఎక్స్‌రేలో అక్కడి రెండు ఎముకలు రేడియస్, అల్నా మధ్య పొర గట్టిపడి తెల్లగా కనిపించడం దీనికి బలమైన గుర్తు.

ఎరుపు ఇంకు అవసరమయ్యేది ఇప్పుడు. కొత్త ఎముక కట్టడానికి కాల్షియం కావాలి. తిండిలో కాల్షియం తక్కువైతే రక్తంలో అది తగ్గబోతుంది, పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది, పాత ఎముక నుంచి కాల్షియం వస్తుంది. రిపోర్టులో కాల్షియం నార్మల్ అనే ఉంటుంది! అది చూసి జబ్బు లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఎముక కట్టే పని పెరిగినప్పుడు రక్తంలో పెరిగే ఎంజైము ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉందేమో చూడండి. కాల్షియం చాలినవాళ్లలో ఎముక దట్టమైతే, చాలనివాళ్లలో ఎముక పలచబడి కాళ్లు వంకర పోవచ్చు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు లోపలికి వంగడాన్ని ఫ్లోరైడ్ ప్రాంతాల్లో 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి వర్ణించారు. ఒకే కారణం రెండు రూపాల్లో ఎందుకు కనిపిస్తుందో ఈ ఎరుపు బాణం లేకుండా అర్థం కాదు.

తెలిసిన రసాయనచర్య కదా అని ప్రతిదీ గొలుసులో చేర్చకండి. షుగర్ పరీక్షకు రక్తం తీసే బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ గ్లూకోజ్‌ను వాడుకునే దారిలోని ఎనోలేజ్ అనే ఎంజైమును ఆపి గ్లూకోజ్ తరగకుండా చూస్తుంది. ఆ ట్యూబులో ఉండే మోతాదు, బోరు నీళ్లు తాగే మనిషి రక్తంలో ఉండే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఆ బాణం ఇక్కడికి రాదు.

కాగితం నిండాక ప్రతి చికిత్స ఏ బాణాన్ని తెంపుతుందో గుర్తుపెట్టండి. నీరు మారిస్తే మొదటి బాణం తెగుతుంది. అయినా పంటి మచ్చ పోదు, ఎముకలో చేరినది ఏళ్ల మీద గానీ తగ్గదు, నలిగిన వెన్నుపాము నీళ్లు మార్చినంత మాత్రాన తేరుకోదు. పాలు, రాగుల్లోని కాల్షియం కడుపులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది, పారాథైరాయిడ్ హార్మోన్ పెరగకుండానూ చూస్తుంది. కాచిన నీళ్లు ఏ బాణాన్నీ తెంపవు. నీరు ఆవిరై, ఉన్న ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

చివరగా, పోలిన జబ్బుతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్‌లోనూ వెన్ను బిగుస్తుంది. కానీ అక్కడ మొదటి బాణం వాపు, మొదలయ్యేది ఎక్కువగా వెన్ను అడుగున కటి ఎముకతో కలిసే సాక్రోఇలియాక్ కీళ్లలో, పొద్దున్నే ఉండే బిగుతు కదిలితే తగ్గుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో ప్రతి మోకాలినొప్పికీ ఫ్లోరోసిస్ అని రాసేయకండి. అరుగుదల, విటమిన్ డి లోపం అక్కడా ఉంటాయి.

తర్వాతి కాగితం రక్తపింజర కాటుకు తీసుకోండి. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లలో ఒకటైన ఫ్యాక్టర్ 10ను విషం నేరుగా చైతన్యపరుస్తుంది, గడ్డకట్టే పదార్థాలన్నీ ఖర్చయిపోతాయి, చివరికి రక్తం గడ్డకట్టదు. పరీక్షకు 2 మి.లీ. రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, డిటర్జెంట్‌తో కడిగిన గాజు వాడినా మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. గాజు తలం ఏ ఫ్యాక్టర్‌ను మేల్కొలుపుతుందో కనుక్కుని ఆ బాణం మీరే గీయండి.