మెల్లకన్ను ఉన్నవారిలో లోతు చూపును పరీక్షించడం ఎలా?

రెండు కళ్లూ ఒకే వస్తువును కాస్త వేర్వేరు కోణాల్లో చూస్తాయి. ఆ తేడా నుంచే మెదడు లోతును పసిగడుతుంది. మెల్లకన్ను, కంటి కండరాల పక్షవాతం, నిస్టాగ్మస్ (కళ్లు వాటంతట అవే అదేపనిగా కదలడం) ఉన్నవారిలో ఈ శక్తి ఎంత మిగిలిందో తేల్చే పరీక్ష చిన్నదే, కానీ వరుస తప్పితే ఫలితం తారుమారవుతుంది.

1. కన్ను మూసి చేసే పరీక్షలన్నిటికంటే ముందు దీన్ని చేయాలి. మెల్ల అప్పుడప్పుడు మాత్రమే బయటపడే పిల్లల్లో, ఒక కన్నును కాసేపు మూస్తే చాలు, అంతవరకూ కలిసి పనిచేస్తున్న కళ్లు విడిపోవచ్చు.

2. రోజూ వాడే కళ్లద్దాలు పెట్టించి, వాటిపైన పోలరైజ్డ్ అద్దాలు (రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు చూపించేవి) తొడగాలి. లోతు చూపును కొలిచే బొమ్మలున్న టిట్మస్ పుస్తకాన్ని మంచి వెలుతురులో 40 సెంటీమీటర్ల దూరాన ఉంచాలి. తల పక్కకు వంచి చూసే అలవాటుంటే దయచేసి మొదట సరిచేయకండి. నిస్టాగ్మస్‌లో కళ్ల కదలిక తగ్గేది, కండరం బలహీనపడినప్పుడు రెండుగా కనిపించేది ఒకటయ్యేది చాలాసార్లు ఆ భంగిమలోనే. తర్వాత తల నిటారుగా ఉంచి మళ్లీ చూడండి.

3. పుస్తకంలోని పెద్ద ఈగ బొమ్మ రెక్కను వేళ్లతో పట్టుకోమనండి. లోతు తెలిస్తే వేళ్లు పేజీని తాకకుండా గాలిలోనే ఆగుతాయి. ఇది 3000 ఆర్క్ సెకన్ల స్థాయి (రెండు కళ్ల చూపుల మధ్య కోణపు తేడాకు కొలత). ఆపై వలయాల గుంపులు, 800 నుంచి 40 వరకు; ఒక్కో గుంపులో ఒక వలయమే పైకి లేచినట్టు కనిపిస్తుంది. అంకె తగ్గేకొద్దీ చూపు మెరుగు. "పైకి కనిపిస్తోందా?" అని అడిగితే జవాబు మనమే అందించినట్టు. "మిగతావాటికి భిన్నంగా ఉన్నది ఏది?" అని అడగాలి.

4. ఇక అసలు జాగ్రత్త. మొదటి కొన్ని గుంపుల్లో ఆ వలయం పక్కకు జరిగినట్టు ఒంటికన్నుకూ తెలిసిపోతుంది. పుస్తకాన్ని 90 డిగ్రీలు తిప్పితే నిజమైన లోతు మాయమవ్వాలి. అప్పుడూ అదే వలయాన్ని చూపిస్తే మొదటి జవాబును నమ్మలేం. బొమ్మను చెల్లాచెదురు చుక్కల్లో దాచే టీఎన్ఓ వంటి పరీక్షల్లో ఒంటికన్నుకు ఈ ఆధారం దొరకదు. అద్దాలు పెట్టుకోవడానికి ఒప్పుకోని చిన్నపిల్లలకు, ప్రత్యేక అద్దాలు అక్కర్లేని లాంగ్ కార్డు అనువైనది.

5. మెల్ల ఎప్పుడూ ఉండేవారిలో లోతు కనిపించకపోతే అక్కడితో వదిలేయకూడదు. మెల్లను సరిదిద్దేంత ప్రిజం (వెలుతురును పక్కకు వంచే గాజు పట్టకం) కంటి ముందు ఉంచి మళ్లీ పరీక్షించాలి. అప్పుడు లోతు తెలిస్తే, కళ్లు కలిసి పనిచేసే శక్తి ఇంకా ఉందన్నమాట. శస్త్రచికిత్స ఆలోచించే వైద్యులకు ఇది ఎంతో విలువైన సమాచారం.

ఫలితం పక్కనే పరీక్ష పేరు, దూరం, తల భంగిమ, ప్రిజం బలం రాయాలి. అయితే ఉన్నట్టుండి రెండుగా కనిపించడం మొదలై, కనురెప్ప వాలడమో తీవ్రమైన తలనొప్పో తోడైతే, ఈ పరీక్ష పక్కనపెట్టి వెంటనే అత్యవసర వైద్యానికి పంపాలి.