హోటల్‌ బిల్లు, చేతిలో ఫోన్‌: మెనూ నుంచి చెల్లింపు దాకా ఏం చూడాలి, ఎలా కట్టాలి?

హైదరాబాద్‌లో ఇరానీ చాయ్‌ దగ్గర్నుంచి జూబ్లీహిల్స్‌ బఫే దాకా ఇప్పుడు తంతు ఒకటే. ఫోన్‌ తీస్తాం, స్కాన్‌ చేస్తాం, సౌండ్‌బాక్స్‌ పలకగానే లేచి వెళ్లిపోతాం. ఆ తొందరలో కట్టనక్కర్లేని ఛార్జీ కట్టేసేవాళ్లు కొందరు, డబ్బు మధ్యలో ఇరుక్కుంటే కంగారుపడి రెండోసారి కట్టేవాళ్లు ఇంకొందరు. ఈ రెండూ తప్పించుకోవడం కష్టమేమీ కాదు, వరస తెలిస్తే చాలు.

బయల్దేరే ముందు

గూగుల్‌ మ్యాప్స్‌లో హోటల్‌ పేరు కొట్టి స్టార్లు చూసి ఆగిపోకండి. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా మార్చి చదవండి. వంటమాస్టర్‌ మారితే రుచి నెలలో మారిపోతుంది, పాత రేటింగ్‌ మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. జనం పెట్టిన ఫొటోల్లో మెనూ కార్డు దొరుకుతుంది, కానీ ఆ ఫొటో ఎప్పటిదో తేదీ చూడండి. రెండేళ్ల కిందటి ధరలు నమ్ముకుని వెళ్తే గొడవే. ఏ గంటకు రద్దీ ఎలా ఉంటుందో చూపే గ్రాఫ్‌ కూడా అక్కడే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీకి వెళ్లేవాళ్లకు అదే అన్నిటికన్నా పనికొచ్చేది.

స్విగ్గీ డైన్‌ఔట్‌, డిస్ట్రిక్ట్‌ లాంటి యాప్‌లలో టేబుల్‌ బుక్‌ చేసి, బిల్లు కూడా అదే యాప్‌లో కడితే తగ్గింపు ఇస్తుంటారు. ఆఫర్‌లో పెద్దక్షరాల పక్కన ఉండే చిన్నక్షరాలు చదవాలి. ‘20 శాతం, గరిష్ఠం 150 రూపాయలు’ అని ఉంటే 1,260 రూపాయల బిల్లు మీద తగ్గేది 252 కాదు, 150 మాత్రమే. ఆఫర్‌ బఫేకి వర్తిస్తుందా, శని ఆదివారాలు ఉందా, యాప్‌ వాళ్లు విడిగా ఫీజు వేస్తున్నారా అన్నవి బుక్‌ చేసే ముందే తేల్చుకోండి. పేరున్న హోటళ్ల ఫొటోలు పెట్టి ‘ఒక థాలీ కొంటే ఇంకొకటి ఉచితం’ అంటూ కార్డు నంబర్లు అడిగే ప్రకటనల జోలికి వెళ్లొద్దు.

చిన్న ఖర్చులకు యూపీఐ యాప్‌లోనే ఉండే చిన్న పర్సు లాంటి యూపీఐ లైట్‌ పెట్టుకోండి. అందులో 5,000 రూపాయల దాకా ఉంచుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 దాకా పిన్‌ లేకుండా వెళ్తుంది. ప్రతి చెల్లింపుకూ బ్యాంకు సర్వర్‌ను తట్టదు కాబట్టి అది మొరాయించినా ఆగదు. టోకెన్‌ కౌంటర్‌లో ముందే డబ్బు కట్టి ఇడ్లీ తీసుకునే టిఫిన్‌ సెంటర్లలో, వెనక పదిమంది నిలబడి ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఫోన్‌ మార్చే ముందు మాత్రం లైట్‌ ఖాతా మూసి, మిగిలిన డబ్బు బ్యాంకు ఖాతాలోకి తెచ్చుకోవాలి. రంజాన్‌ రాత్రుల్లో చార్మినార్‌ వైపు హలీమ్‌కి వెళ్తుంటే జేబులో కొంత నగదు ఉండాలి. అంతమంది ఒకేచోట చేరితే నెట్‌ నత్తనడకే.

టేబుల్‌ మీది క్యూఆర్‌

టేబుల్‌ మీద రెండు రకాల క్యూఆర్‌లు ఉండొచ్చు. మెనూ క్యూఆర్‌ స్కాన్‌ చేస్తే వెబ్‌ పేజీ లింకు వస్తుంది, చెల్లింపు క్యూఆర్‌ అయితే యూపీఐ యాప్‌ తెరుచుకుంటుంది. మెనూ అని రాసిన క్యూఆర్‌ యాప్‌ ఏదో డౌన్‌లోడ్‌ చేసుకోమన్నా, డబ్బు పంపే పేజీ తెరిచినా వెంటనే మూసేయండి. పైన అంటించిన స్టిక్కర్‌ కింద ఇంకో స్టిక్కర్‌ కనబడితే వెయిటర్‌ని పిలిచి చూపించండి. సెల్లార్‌లో ఉండే హోటళ్లలో సిగ్నల్‌ అందక మెనూ తెరుచుకోదు. అలాంటప్పుడు కుస్తీ పట్టకుండా కార్డు అడగడమే మేలు, చాలాచోట్ల కౌంటర్‌ కింద ఒకటి రెండు ఉంటాయి.

‘మినరలా, నార్మలా’ అని అడిగితే అప్పుడే చెప్పండి. సీల్‌ తీశాక వెనక్కి తీసుకోరు. హోటల్లో కూర్చుని తాగే బాటిల్‌కు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు ఇచ్చింది కాబట్టి తర్వాత ఆ ధర మీద వాదించి లాభం లేదు. బిర్యానీతో వచ్చే మిర్చీ కా సాలన్‌, రైతా రెండోసారి అడిగితే కొన్నిచోట్ల డబ్బు వేస్తారు. అడిగేటప్పుడే ఆ మాట కనుక్కోండి.

బిల్లు చదవడం

ముందు ఐటమ్‌లు సరిచూడండి. సింగిల్‌ చెప్తే ఫుల్‌ వేశారా, రానిది బిల్లులోకి ఎక్కిందా అన్నవే ఎక్కువగా దొర్లే తప్పులు. ఆ తర్వాత కింది భాగానికి రండి.

మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. బిల్లు మీద ఇది సీజీఎస్టీ 2.5, ఎస్జీఎస్టీ 2.5 అని రెండు వరసలుగా కనిపిస్తుంది. ఏసీ ఉన్నా లేకున్నా, అక్కడే తిన్నా పార్శిల్‌ తీసుకున్నా ఇంతే. గది అద్దె రోజుకు 7,500 దాటే పెద్ద హోటళ్ల ఆవరణలోని రెస్టారెంట్లలో మాత్రం 18 శాతం పడుతుంది. మద్యం జీఎస్టీలో లేదు. బార్‌ బిల్లులో మందుకూ తిండికీ కలిపి 5 శాతం లెక్కగట్టారంటే తప్పే, తిండి మీద మాత్రమే వేయాలి.

జీఎస్టీ వేసినచోట బిల్లుపై 15 అక్షరాల జీఎస్టీఐఎన్‌, అంటే జీఎస్టీ నమోదు నంబరు ఉండాలి. తెలంగాణలోదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్‌ లేకుండానే ట్యాక్స్‌పేయర్‌ వెతికే పేజీలో ఆ నంబరు కొడితే వ్యాపారం పేరు, నంబరు చెల్లుబాటులో ఉందా లేదా, రెగ్యులరా కాంపోజిషనా అన్నవి వస్తాయి. ఈ చివరిది ముఖ్యం. కాంపోజిషన్‌ పథకంలో ఉన్న చిన్న హోటల్‌ పన్ను తన జేబులోంచి కట్టాలి, కస్టమర్‌ నుంచి వసూలు చేయకూడదు. అలాంటి బిల్లులో జీఎస్టీ వరసే ఉండకూడదు. బిల్లు మీది పేరు, బయట బోర్డు మీది పేరు వేరుగా ఉంటే వెంటనే అనుమానపడక్కర్లేదు, కంపెనీ పేరు ఒకటి, హోటల్‌ పేరు ఒకటి ఉండటం మామూలే.

ఇక సర్వీస్‌ ఛార్జ్‌. ఇది పన్ను కాదు, ప్రభుత్వానికి వెళ్లదు. బిల్లులో దానంతటదే కలపకూడదని, ఇంకో పేరుతోనూ వేయకూడదని, కట్టనన్నవాళ్లను లోపలికి రానివ్వకుండా ఆపకూడదని, దాన్ని కలిపి పైన జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది.

లెక్క ఇలా ఉంటుంది. రెండు బిర్యానీలు 700, కబాబ్‌ 320, రెండు ఖుబానీ కా మీఠా 180, మొత్తం 1,200 అనుకోండి. 10 శాతం సర్వీస్‌ ఛార్జ్‌ 120 కలిస్తే 1,320, దాని మీద 5 శాతం జీఎస్టీ 66, కట్టాల్సింది 1,386. సర్వీస్‌ ఛార్జ్‌ లేకుంటే 1,200 మీద 60, మొత్తం 1,260. తేడా 120 కాదు, 126. అందుకే మేనేజర్‌ పెన్నుతో 120 కొట్టేసి ఇస్తే సరిపోదు. ‘సర్వీస్‌ ఛార్జ్‌ తీసేసి బిల్లు మళ్లీ ప్రింట్‌ చేయండి’ అని మర్యాదగా, గట్టిగా అడగండి. వెయిటర్‌తో వాదించొద్దు, బిల్లింగ్‌ అతని చేతిలో ఉండదు. ఒప్పుకోకపోతే బిల్లు ఫొటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫోన్‌ చేయొచ్చు. టిప్‌ ఇవ్వాలనిపిస్తే వడ్డించిన మనిషి చేతికే నగదు ఇవ్వడం మంచిది. యాప్‌లో కట్టేటప్పుడు టిప్‌ ముందే టిక్‌ పెట్టి ఉందేమో కూడా చూడండి.

బిల్లు కోసం ఫోన్‌ నంబరు అడిగితే ఇవ్వక్కర్లేదు. నంబరు కోసం పట్టుబట్టవద్దని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో రిటైల్‌ వ్యాపారులకు సూచించింది.

స్కాన్‌ చేసేటప్పుడు

బిల్లు మీద ప్రింటయిన లేదా మెషీన్‌లో కనిపించే క్యూఆర్‌ ఉంటే దాన్నే వాడండి. అందులో మొత్తం ముందే నిండి ఉంటుంది కాబట్టి 1,260కి బదులు 12,600 కొట్టే ప్రమాదం లేదు. గోడకు అంటించిన క్యూఆర్‌ అయితే పిన్‌ కొట్టేముందు తెరమీది పేరు కౌంటర్‌లో చదివి వినిపించండి. ‘మా అన్న పేరు’ అంటారు ఒక్కోసారి. బండ్ల దగ్గర అది నిజమే కావచ్చు, పెద్ద హోటల్లో మాత్రం వ్యక్తి పేరు వస్తే ఆగి అడగాలి. కార్డు అయితే మీ కళ్ల ముందే వాడాలి. 5,000 దాకా ట్యాప్‌తో పిన్‌ లేకుండా పోతుంది, మెషీన్‌లో అంకె చూశాకే ఆనించండి.

డబ్బు ఇరుక్కుంటే

‘ప్రాసెసింగ్‌’ అంటూ చక్రం తిరుగుతుంటే వెంటనే మళ్లీ కట్టొద్దు. రెండూ వెళ్లిపోతాయి. ఈ వరసలో వెళ్లండి.

1. యాప్‌లో చెల్లింపు వివరాలు తెరవండి. విఫలమైందని ఉండి, ఖాతాలో డబ్బు కూడా తగ్గకపోతే మళ్లీ కట్టొచ్చు.

2. ఖాతాలో తగ్గింది, హోటల్‌కి రాలేదంటున్నారు. అప్పుడు 12 అంకెల యూపీఐ రిఫరెన్స్‌ నంబరు కౌంటర్‌లో చెప్పి, వాళ్ల వ్యాపారి యాప్‌లో వెతకమనండి. సౌండ్‌బాక్స్‌ పలకకపోయినంత మాత్రాన డబ్బు రానట్టు కాదు, దాని సిమ్‌కి సిగ్నల్‌ లేకపోయినా మూగబోతుంది.

3. అయినా రాలేదంటే నగదుతోనో, ఇంకో పద్ధతిలోనో కట్టండి. కానీ బిల్లు వెనక ‘యూపీఐ అందలేదు, నగదు తీసుకున్నాం’ అని సమయంతో రాయించుకుని ఫొటో తీసుకోండి. ఈ ఒక్క పని చాలామంది చేయరు. మొదటి చెల్లింపు గంట తర్వాత హోటల్‌ ఖాతాలో పడితే బ్యాంకు దృష్టిలో అది విజయవంతమైన లావాదేవీ. వెనక్కి ఇవ్వాల్సింది హోటలే, ఆ రాత ఉంటేనే మీ మాటకు బలం.

4. హోటల్‌కి అసలు చేరకపోతే డబ్బు దానంతటదే తిరిగి రావాలి. రిజర్వ్‌ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్‌ ప్రకారం వ్యాపారి చెల్లింపుకు గడువు లావాదేవీ రోజు తర్వాత 5 రోజులు. వ్యక్తి ఖాతాకు పంపినదైతే ఒక రోజు. గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు బ్యాంకు చెల్లించాలి. సొంత నంబరు క్యూఆర్‌ పెట్టుకున్న బండికి వర్తించేది రెండో గడువు.

5. రాకపోతే యాప్‌లో ఆ లావాదేవీ మీదే ఫిర్యాదు పెట్టండి, తర్వాత మీ బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్‌ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ ఉన్నారు. సమాచారానికి 14448, ఫిర్యాదుకు ఖర్చు లేదు.

కస్టమర్‌ కేర్‌ నంబరు గూగుల్‌లో వెతక్కండి, యాప్‌ లోపలున్నదే వాడండి. వాపసు పంపుతామంటూ పిన్‌ కొట్టమంటే అది మోసం. డబ్బు రావడానికి పిన్‌ అవసరమే లేదు. మోసంలో డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్‌ మోసాల హెల్ప్‌లైన్‌ 1930కి ఫోన్‌ చేయండి.

తలా ఇంత

ఒకరు కట్టి మిగతావాళ్ల దగ్గర తీసుకోవడమే తేలిక. వ్యక్తుల మధ్య యూపీఐలో డబ్బు అడిగే కలెక్ట్‌ రిక్వెస్ట్‌ 2025 అక్టోబరు 1 నుంచి లేదు కాబట్టి కట్టినవాళ్లు తమ క్యూఆర్‌ను వాట్సాప్‌ గ్రూప్‌లో పెట్టేస్తే సరి. ఎవరు తిన్నది వాళ్లే కట్టేటట్టయితే చివరికి కట్టిన మొత్తాన్ని, పన్నుకు ముందు ఉన్న మొత్తంతో భాగించండి. పైన చెప్పిన 1,260లో యాప్‌ తగ్గింపు 150 పోతే కట్టింది 1,110. దాన్ని 1,200తో భాగిస్తే 0.925. 400 రూపాయలవి తిన్నవాళ్లు 370 ఇవ్వాలి. పన్నూ తగ్గింపూ రెండూ ఇందులోనే సర్దుకుంటాయి.

బిల్లు పారేయకండి

మాల్‌లో తిన్నట్టయితే పార్కింగ్‌ గేటు దగ్గర అది పనికొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2018లో ఇచ్చిన జీవో 63 ప్రకారం మాల్స్‌లో మొదటి అరగంట ఉచితం. గంట లోపైతే ఎంత చిన్న బిల్లు చూపినా, గంట దాటితే పార్కింగ్‌ రుసుము కన్నా ఎక్కువ మొత్తం ఉన్న బిల్లు చూపినా డబ్బు తీసుకోకూడదు.

బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా ఉండాలి, 2022 జనవరి నుంచి తప్పనిసరి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్‌. తిండిలో పురుగో, పాచివాసనో ఉంటే ప్లేటు వెనక్కి పంపే ముందే ఫొటో తీయండి. హోటల్‌ బోర్డు, బిల్లు, ప్లేటు మూడూ ఉండాలి. ఫుడ్‌ సేఫ్టీ కనెక్ట్‌ యాప్‌లో ఈ నంబరు వేసి ఫొటోలు జతచేస్తే ఫిర్యాదు నమోదవుతుంది. నంబరు లేకున్నా చిరునామాతో పెట్టొచ్చు, అయితే హోటల్‌ పేరు తప్పు లేకుండా, ఏ బ్రాంచో తెలిసేలా రాయండి. ఒకే పేరుతో ఊళ్లో పది హోటళ్లున్నచోట బ్రాంచ్‌ రాయని ఫిర్యాదుతో అధికారి ఏ వంటింటికని వెళ్తాడు?